తాత్కాలికంగా ఆయన పేరు

ఈ ఉదయం ఆ వరుసలో ఆయన పేరు లేదు.

మా కంట్రోల్ రూములో పెద్ద కంప్యూటరు లేవగానే తెర మీద కొన్ని వరుసలు దొర్లుతాయి. ఏ సర్వీసు మొదలైంది, ఏది మొరాయించింది, ఎవరి పేరుతో డేటాబేసు తలుపు తెరుచుకుంది, అన్నీ అదే చెబుతుంది. నేను చేరిన రోజు నుంచీ ఆ తలుపు తెరిచే పేరు ఒకటే. ఆయన పోయిన మర్నాడు కూడా అదే పేరు మామూలు వేళకే లోపలికి వెళ్ళింది. ఆ రోజు మా గదిలో అందరం తెర వైపు చూసి, చూడనట్టు ఉండిపోయాం.

ఆ పేరు నేనిక్కడ రాయను. రాయకూడని చోట ఒకసారి రాసినందుకే ఆయనకు జరిగిందంతా జరిగింది.

మా ఆఫీసు నెల్లూరులో, మైపాడు రోడ్డు మీద, ఒక మేడ పై అంతస్తులో ఉంటుంది. అంబులెన్సులు పంపడం మా పని. ఫోను చేసినవాళ్ళు చెప్పిన అడ్రసును కాల్స్ తీసుకునే అక్క టైపు చేస్తుంది. సాఫ్ట్‌వేరు ఆ మాటల్ని శాటిలైట్ ఫోటోల మ్యాపు మీద ఒక ఎర్ర చుక్కగా మారుస్తుంది. ఆ చుక్కకు దగ్గర్లో ఉన్న బండి కదులుతుంది. మాటల్ని చుక్కగా మార్చాలంటే సాఫ్ట్‌వేరు ఊళ్ళ పేర్లున్న డేటాబేసులో వెతకాలి. ఆ డేటాబేసు ఏ మిషన్లో ఉంది, ఎవరి పేరుతో లోపలికి పోవాలి, పాస్‌వర్డు ఏది, ఒకేసారి ఎంతమంది పోవచ్చు, జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలి. ఈ అయిదు సంగతులూ ఒక చిన్న ఫైలులో రాసి ఉంటాయి. దాన్ని మేము రిసోర్సు అంటాం. కాగితం మీద రాస్తే సగం పేజీ కూడా నిండదు.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆ సగం పేజీని మార్చడానికి. అందులో ఉన్న పేరు తీసి వేరే పేరు పెడితే ఆయన్ని కావలికి బదిలీ చేస్తామన్నారు.

మొదటి రోజు ఆయన్ని చూసి, ఎక్కడికో బయలుదేరుతున్నారనుకున్నాను. భుజాన సంచి ఉంది. చొక్కా జేబులో రైలు పాసు, దాని మీద ఎడమ చెయ్యి. నిలబడి, ఒక్క చేత్తో టైపు చేస్తున్నారు. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను. ఆయన కదల్లేదు. మధ్యాహ్నం దాకా అట్లాగే నిలబడి పని చేశారు. మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. కుర్చీ ఉంది, కానీ దాని మీద అక్క తన హ్యాండ్‌బ్యాగూ గొడుగూ పెట్టుకునేది. అది ఆయన కుర్చీ అని నాకు చాలా రోజులకు తెలిసింది.

"కూర్చోండి సార్," అన్నాను ఒకసారి.

"సంచి దించితే సాయంత్రం అయిపోద్ది అబ్బయా," అన్నారు.

"దించకపోతే మాత్రం సాయంత్రం కాకుండా ఉంటదా?" అంది అక్క, హెడ్‌ఫోను తీయకుండానే.

"అవుద్ది. కాకపోతే పోతా పోతా ఉన్నట్టుంటది."

ఉప్పుగాలికి మిషన్లు పాడవుతాయని మా గది కిటికీలన్నిటికీ ప్లైవుడ్ కొట్టేశారు. పగలో రాత్రో గడియారం చూస్తేగానీ తెలియదు. మెట్ల మలుపు దగ్గర మాత్రం అడుగు వెడల్పు కిటికీ ఒకటి మిగిలింది. ఆయన అక్కడ నిలబడి అన్నం తినేవారు. డబ్బా కిటికీ గట్టు మీద, సంచి భుజం మీద. కింద రొయ్యల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోయేవి. గాలి వస్తే కళ్ళు మూసుకుని నమిలేవారు. ఆయన కథ నాకు తెలిసింది ఆ మలుపులోనే.

"నా పేరు దాంట్లోకి ఎట్టా వచ్చిందని గదా నీ సందేహం? ప్రారంభోత్సవం రోజు. కింద షామియానా వేసినారు. పెద్దోళ్ళు వచ్చి కుర్చీల్లో ఉండారు. హైదరాబాదు నించి ఆఫీసు పేరు మీద రావాల్సిన లాగిన్ రాలా. ఏం చెయ్యాల? నా పేరు కొట్టినా. ఎర్ర చుక్క వచ్చింది, చప్పట్లు కొట్టినారు. సాయంత్రం తీసేద్దామనుకున్నా."

"మరి తీయలేదా సార్?"

"సాయంత్రానికి నిజం ఫోను వచ్చింది గదా. ఎవరికో కాన్పు నొప్పులు. ఆపి పేరు మార్చేదానికి అది సమయమా? రేపు చూద్దామనుకున్నా."

ఆ తర్వాత ఫోన్లు రాని రోజంటూ లేదు. ఫైలులో ఆయన పేరుకు పైన, ఆయనే రాసుకున్న ఒక మాట ఉండేది: తాత్కాలికం. నేను చేరేనాటికి ఆయనకు జుట్టు నెరిసింది. ఆ మాట అక్కడే ఉంది.

కావలిలో మా సంస్థకే చిన్న ఆఫీసు ఉంది. ఆయన ఇంటి వెనక సందులో. పెరటి గోడ ఎక్కితే ఆ ఆఫీసు బోర్డు కనపడుతుందని చెప్పేవారు. ఏటా బదిలీకి అర్జీ పెట్టేవారు. ఏటా అదే వాక్యంతో తిరిగొచ్చేది: రిసోర్సు ఓనరు అయినందున ప్రస్తుతం వీలుపడదు.

ఎందుకు వీలుపడదో నేను ఒక్కొక్కటిగా తేల్చుకున్నాను. పాస్‌వర్డు మూడు నెలలకోసారి గడువు తీరుతుంది. మార్చాలంటే ఆ పేరుగల మనిషి ఫోనుకు ఒక కోడు వస్తుంది. ఆ కోడు ఇంకొకరికి చెప్పకూడదని రూలు, కాబట్టి ఆ మనిషి ఇక్కడ ఉండాలి. మనిషి పేరు లేకుండా ఉత్త ఆఫీసు పేరుతో లాగిన్ ఇవ్వడానికి ఆడిట్ వాళ్ళు అభ్యంతరం చెప్పారని హైదరాబాదులో ఆపేశారు. కాబట్టి ఎవరో ఒక మనిషి పేరు ఉండాలి. ఇక మూడోది అన్నిటికంటే గట్టి ముడి. బయట కొన్న డేటాబేసులో మా తీరం ఊళ్ళు సగం లేవు. ఆయన ఏళ్ళ తరబడి తన లాగిన్‌తోనే ఒక్కొక్క పాళెం పేరూ చేరుస్తూ వచ్చారు. ఆ పేర్లన్నీ ఆయన సొత్తు కింద నమోదయ్యాయి. ఆయన పేరు కొట్టేస్తే వాటితో పాటు ఆ ఊళ్ళూ పోతాయి. తీరం నుంచి వచ్చే ఫోన్లకు చుక్క పడదు.

ఆ ఊళ్ళు ఆయన ఎట్లా చేర్చారో ఒకసారి చూశాను. పట్టపోళ్ళ పాళెం నుంచి ఫోను. సముద్రం లోపలికొచ్చేస్తోందని ఆ ఊరిని ఎప్పుడో వెనక్కి జరిపి కొత్త కాలనీ కట్టారు. కొందరు పోయారు, కొందరు పాత చోటే ఉండిపోయారు. పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ ఇద్దరూ ఊరికి అదే పేరు చెబుతారు. కాలనీ అంటే చిన్నతనం వాళ్ళకు. అక్క రెండుసార్లు అడిగింది, పాతదా కొత్తదా అని. అవతల మనిషికి కోపం వచ్చింది. "మాది ఒకటే పాళెం, రెండెందుకు ఉంటాయి?" అన్నాడు. వాళ్ళ నాయనకు ఊపిరి ఆడటం లేదు.

ఆయన అక్క చెవి మీది హెడ్‌ఫోను తీసి తన చెవికి పెట్టుకున్నారు.

"అన్నా, నేను అడిగినదానికి చెప్పు. నీ వాకిట్లో నిలబడితే సముద్రం కనపడుద్దా, వినపడుద్దా?"

అవతల తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత, "వినపడుద్ది," అన్నాడు.

ఆయన కాలనీ మీద చుక్క పెట్టి బండిని పంపారు. హెడ్‌ఫోను తిరిగి ఇచ్చేసి, ఆ రెండు చోట్లనూ డేటాబేసులో వేరు వేరుగా చేర్చారు. ఒకదాని పక్కన 'కనపడేది' అనీ, ఇంకోదాని పక్కన 'వినపడేది' అనీ రాశారు. ఇప్పుడు అక్క అందర్నీ అట్లాగే అడుగుతుంది. తీరంలో అట్లా రెండుగా విడిపోయిన ఊళ్ళు ఇంకా ఉన్నాయి.

ఆయనకు ఇంకో అలవాటుంది. మిషను ఆపి లేపినప్పుడల్లా, సాఫ్ట్‌వేరు సరిగ్గా పనిచేస్తోందా అని ఏదో ఒక అడ్రసు కొట్టి చూడాలి. ఆయన ఎప్పుడూ ఒకటే కొట్టేవారు. కావలిలో తన ఇల్లు. చుక్క ఇంటి మీద వెలగగానే చూపుడు వేలితో తెర మీద ఒకసారి తాకి, "ఇంటికి పోయొచ్చినా," అనేవారు. అందరికీ వినపడేట్టు కాదు, కానీ అందరం వినేవాళ్ళం.

కొత్తలో నాకది తప్పుగా తోచింది. ఎక్కువసార్లు అడిగిన అడ్రసును సాఫ్ట్‌వేరు గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ అడిగితే డేటాబేసు దాకా పోకుండా పాత జవాబే చూపిస్తుంది.

"సార్, మీ ఇల్లు కొడితే పరీక్ష అయినట్టు కాదు. అది లోపలికి పోయి వెతకడం లేదు. జ్ఞాపకం మీద చెబుతోంది."

"నాకు తెలవదా? పరీక్షకు వేరే ఊళ్ళు ఉండాయిలే, అవి తర్వాత కొడతా," అన్నారు. మళ్ళీ ఆయనే, "నేను మాత్రం? జ్ఞాపకం మీదే గదా పోతా ఉండేది. పొద్దు పొడవక ముందు బయటపడతా, పొద్దు కుంకినాక పోతా. ఎండలో మా ఇల్లు ఎట్టుంటదో దీంట్లో చూడాల్సిందే."

ఆయన చేర్చిన ఊళ్ళను వేరే చోటికి మార్చే పని నేను మొదలుపెట్టాను. నెమ్మదిగా సాగింది. ఒక్కో ఊరూ మార్చి, చుక్క సరిగ్గా పడుతోందా అని చూసి, తర్వాతి దానికి పోవాలి. ఆయన నా వెనక నిలబడి ఆ పాళెం పేరు వినగానే ఏదో ఒకటి చెప్పేవారు. ఒకసారి మాత్రం పని సంగతి కాకుండా వేరే మాటన్నారు.

"అన్నీ అయినాక చివర్లో పేరు అడుగుద్ది. అప్పుడు తొందర పెడతారు. నీ పేరు మాత్రం రాయబాక."

"మరి ఎవరిది రాయాలి సార్?"

"అది తెలిస్తే నేను కావల్లో ఉండనా?"

సగం ఊళ్ళు మారాయి. ఒక రోజు సాయంత్రం ఆయన మెట్లు దిగుతుంటే మిషను నిలిచిపోయింది. మేనేజరు గారు పై నుంచి పిలిచారు. ఆయన వెనక్కి వచ్చి, నిలబడే సరిచేసి, ఇంటి అడ్రసు కొట్టి, "పోయొచ్చినా" అని మళ్ళీ దిగిపోయారు. రోజూ ఎక్కే రైలు బండి అప్పటికే వెళ్ళిపోయింది. తర్వాతి బండి ఎక్కారు. అందులో ఆయన్ని ఎరిగినవాళ్ళు లేరు. కిటికీకి తల ఆనించి ఉన్న మనిషిని నిద్రపోతున్నాడనుకుని ఎవరూ లేపలేదు. బండి కావలిలో ఆగింది, కదిలింది. ఒంగోలులో చూశారు. సంచి భుజానే ఉందట.

ఆ తర్వాత కొన్నాళ్ళకు పాస్‌వర్డు గడువు తీరింది. తెర మీద కోడు అడిగింది. మేనేజరు గారు నా వైపు చూశారు, అక్క వైపు చూశారు, తర్వాత కావలికి, ఆయన భార్యకు ఫోను చేశారు. స్పీకరు పెట్టారు.

"అమ్మా, సార్ ఫోనుకి ఒక నంబరు వచ్చుంటది. కాస్త చూసి చెప్తారా?"

ఆమె వెతుక్కుంటున్న చప్పుడు వినపడింది. తర్వాత ఒక్కొక్క అంకే చదివింది, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. అయ్యాక, "ఇది దేనికి?" అంది.

"అంబులెన్సులు ఆగిపోకుండా అమ్మా."

"సరే," అంది.

మూడు నెలలకు మళ్ళీ చేశారు. ఆ రోజు ఆమె పెళ్ళికని కోవూరు పోయింది. తన ఫోను ఒక్కటే వెంట తీసుకుపోయింది. ఆయన ఫోను ఇంట్లోనే ఛార్జింగులో ఉంది. మేళం చప్పుడు మధ్య ఆమె మాట మాకు సరిగ్గా వినపడలేదు. తలంబ్రాలు కాకుండానే బస్సెక్కి ఇంటికి పోయి నంబరు చెప్పింది. అప్పటిదాకా అన్ని ఊళ్ళకూ అక్క నోటితోనే దారి చెప్పి బండ్లు పంపింది.

మూడోసారి గడువుకు ముందే ఆమె వచ్చింది. చెప్పకుండా వచ్చింది. మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, ఆయన ఫోను చేత్తో పట్టుకుని మా గదిలోకి వచ్చి నిలబడింది. మేనేజరు గారు లేచారు. అక్క గబగబా కుర్చీ మీది గొడుగు తీసింది.

"కూర్చోండమ్మా."

ఆమె కూర్చుంది. ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇంకెన్నాళ్ళు చెప్పాల నాయనా నంబర్లు?" అని నన్నే అడిగింది. "ఆ ఫోను ఆపేదానికి లేదు. ఎక్కడికీ పోయేదానికి లేదు. మా చెల్లెలు రమ్మంటా ఉంది. రాత్రిపూట మోగితే ఆయనకొచ్చిందేమో అనుకుని లేస్తా. తీరా చూస్తే మీ ఆఫీసు మెసేజే."

"కొద్ది రోజులమ్మా," అన్నారు మేనేజరు గారు. "హైదరాబాదు నించి పర్మిషను..."

"బతికినన్నాళ్ళూ ఆయన్ని మీకే ఇచ్చినా. ఫోనన్నా నాకియ్యండి."

మేనేజరు గారు మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నారు.

"ఇయ్యాల అయ్యేదాకా నేను పోను," అంది ఆమె. ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

ఊళ్ళన్నీ అప్పటికే కొత్త చోటికి మార్చేశాను. మిగిలింది ఆ సగం పేజీ. ఫైలు తెరిచాను. మిషను అడ్రసు సరే. ఒకేసారి ఎంతమంది, ఎంతసేపు ఆగాలి, సరే. పాస్‌వర్డు తర్వాత. పేరు దగ్గర ఆగాను.

"ఎవరిది పెట్టేది సార్?" అన్నాను.

మేనేజరు గారు గొంతు తగ్గించారు. "నీది పెట్టెయ్. పర్మిషను రాగానే మార్చేద్దాం."

"మీది పెడదాం సార్."

"నేను ట్రాన్స్‌ఫర్ మీద పోయేవాణ్ణి కదయ్యా. పోయేవాళ్ళ పేరు పెట్టకూడదు."

"నేనూ పోయేవాణ్ణే సార్. తిరుపతిలో ఎం.టెక్ సీటు..."

"పో, ఎవరొద్దన్నారు? తాత్కాలికంగా పెట్టమంటా ఉన్నా."

"నాది పెట్టరాదూ," అంది అక్క.

అక్కకు ఇద్దరు చిన్న పిల్లలు. పెద్దదాన్ని నెల్లాళ్ళుగా చెన్నై ఆసుపత్రికి తిప్పుతోంది. మేనేజరు గారు తల అడ్డంగా ఊపారు.

నాకు ఆయన మాట గుర్తుంది. కావాలంటే పని చాలా ఉందని సాగదీసి మర్నాటికి వెయ్యవచ్చు. మర్నాటికి ఇంకేదో అడ్డం పడుతుంది. ఆ 'తాత్కాలికం' అక్కడ ఎట్లా పాతుకుపోయిందో నాకు తెలుసు. వెనక్కి తిరిగి చూశాను. కుర్చీలో కూర్చున్న ఆమె నన్ను చూడటం లేదు. ఫోను తెర మీద చీర కొంగుతో ఒక మరక తుడుస్తోంది.

ఆయన పేరు కొట్టేశాను. నా పేరు రాశాను. పైన 'తాత్కాలికం' అన్న మాట కూడా కొట్టేశాను.

మిషను ఆపి లేపాను. పాత జ్ఞాపకాలేవీ అడ్డు రాకుండా సాఫ్ట్‌వేరు దాచుకున్న జవాబులన్నీ ముందే తుడిచేశాను. ఇప్పుడు ఏ అడ్రసు కొట్టినా నిజంగా లోపలికి పోయి వెతకాల్సిందే. వేళ్ళు వాటంతట అవే ఆయన ఇంటి అడ్రసు కొట్టాయి. చుక్క వెంటనే రాలేదు.  తర్వాత కావలి వచ్చింది, వీధి వచ్చింది, చుక్క వెలిగింది.

"అమ్మా, ఇటు రండి," అన్నాను. "ఇదేనా మీ ఇల్లు?"

ఆమె లేచి వచ్చి తెరకు దగ్గరగా వంగింది. పెరటి గోడ, నీళ్ళ ట్యాంకు, వెనక సందు అన్నీ పై నుంచి కనపడుతున్నాయి.

"మాదే. ట్యాంకు మూత పగిలింది గదా, అదిగో."

"సార్ రోజూ ఇక్కడికి వచ్చి పోయేవారమ్మా. ఇట్లా తాకి, ఇంటికి పోయొచ్చినా అనేవారు."

ఆమె చుక్క వైపు చాలాసేపు చూసింది.

"నాకు కనపళ్ళేదే," అంది.

ఆయన ఫోను ఆపేసి, రుమాల్లో చుట్టి, సంచిలో పెట్టుకుంది. అక్క మెట్ల దాకా వెళ్ళి దిగబెట్టింది. పగటి రైలు దొరుకుతుందని చెప్పి ఆమె తొందరగా దిగిపోయింది.

ఇది నిన్నటి సంగతి. ఈ ఉదయం వచ్చేసరికి తెర మీద వరుసలు దొర్లుతున్నాయి. డేటాబేసు వరుసలో నా పేరు. అంతకుముందు చాలా చోట్ల చూసుకున్న పేరే, కొత్తదేమీ కాదు. అయినా రెండుసార్లు చదివాను. పరీక్షకు ఒక అడ్రసు కొట్టాలి కదా. సంగం, బ్యారేజీ దాటాక కుడి చేతి వీధి, మా ఇల్లు. చుక్క పడింది. డాబా మీద అమ్మ ఎప్పుడో ఆరబోసిన వడ్లు పసుపు మచ్చలాగా ఉన్నాయి.

"కూర్చోవయ్యా, నిలబడ్డావేం?" అన్నారు మేనేజరు గారు వెనక నుంచి.

కుర్చీ ఖాళీగానే ఉంది. నిన్నటి నుంచి అక్క దాని మీద ఏమీ పెట్టడం లేదు.

"పర్లేదు సార్," అన్నాను. అప్పుడు చూసుకున్నాను, సంచి ఇంకా నా భుజం మీదే ఉంది.